కెర్నెల్‌కి చీటీ రాసేదెవరు?

ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది లినక్సే అంటారు. ఇంట్లో గోడకి తగిలించిన వైఫై డబ్బాల్లోనూ చాలావాటిలో ఉండేది అదే. ప్రపంచంలోకెల్లా వేగమైన అయిదు వందల సూపర్ కంప్యూటర్ల పట్టిక ఒకటి ఏడాదికి రెండుసార్లు వెలువడుతుంది. 2017 నవంబరు నుంచి ఆ పట్టికలో ఉన్న అయిదు వందలూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఈ మాట విన్నవాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. అరచేతిలో పట్టే వస్తువునీ, హాలు నిండా పరుచుకున్న యంత్రాన్నీ ఒకే ప్రోగ్రాము ఎలా నడుపుతుంది?

నడపదు. మూలరాత ఒకటే, అందులోంచి తయారై బయటికొచ్చే ప్రోగ్రాములు వేరు వేరు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. తెరమీద కనిపించే బొమ్మలూ మెనూలూ కెర్నెల్ కాదు. ఏ ప్రోగ్రాముకి ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసర్ని ఎవరు ఎంతసేపు వాడుకోవాలి, డిస్కు మీద ఎక్కడ ఏం రాయాలి, నెట్‌వర్కు నుంచి వచ్చిన ముక్క ఎవరికి చేరాలి అని తెరవెనక చూసుకునేది అది. లినక్స్ కెర్నెల్ మూలరాత, అంటే సోర్స్ కోడ్, 2025లో నాలుగు కోట్ల వరుసలు దాటింది. ఇందులో సింహభాగం డ్రైవర్లే. ఒక్కో రకం వైఫై చిప్పుకీ, టచ్ తెరకీ, డిస్కుకీ విడివిడిగా రాసిన కోడు అది. మీ ఫోనుకి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ డిస్కుల డ్రైవరుతో పనిలేదు. మెయిన్‌ఫ్రేమ్‌కి మీ ఫోను కెమెరాతో పనిలేదు. అందుకని కెర్నెల్ తయారుచేసే ప్రతివాళ్ళూ ముందు ఏం కావాలో, ఏం వద్దో తేల్చుకోవాలి. ఆ తేల్చుకున్నదంతా ఒక మామూలు టెక్స్టు ఫైలులో ఉంటుంది. దాని పేరు డాట్ కాన్ఫిగ్. మూలరాతని ప్రోగ్రాముగా మార్చే కంపైలరు పని మొదలుపెట్టకముందే ఆ ఫైలు సిద్ధంగా ఉండాలి.

పెళ్ళివారు వంట మేస్త్రిని పిలిచి సామాన్ల చీటీ రాయించుకోవడం చూసే ఉంటారు. వాళ్ళు చెప్పేది పప్పు, పులిహోర, రెండు కూరలు, గారెలు, బూరెలు. మేస్త్రి రాసుకునేది చింతపండు, మినప్పప్పు, నూనె డబ్బాలు, బెల్లం. పులిహోర అన్నాక చింతపండు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కొన్ని మాత్రం ఆయనే తిరిగి అడుగుతాడు: ఉల్లిపాయ వెయ్యొచ్చా? వద్దంటే ఇక ఉల్లి పడే కూరల ఊసే ఎత్తడు. పెళ్ళివారు ఏమీ చెప్పని చోట ‘మామూలుగానే కదా’ అనుకుని తన అలవాటు ప్రకారం రాసేస్తాడు. కొట్టుకి వెళ్ళే చీటీలో పెళ్ళివారి కోరిక కొంత, ఒకదాన్నిబట్టి మరొకటి తేలిన లెక్క కొంత, మేస్త్రి అలవాటు కొంత ఉంటాయి. డాట్ కాన్ఫిగ్ కూడా ఈ మూడింటి కలగలుపే. అందులో మన కోరిక వాటా మనం అనుకునేదాని కంటే చాలా తక్కువ.

మూడు జవాబులు

ఈ ఫైలులో ఎక్కువ ప్రశ్నలకి జవాబు ఒక్క అక్షరం. వై అంటే ఈ భాగాన్ని కెర్నెల్‌లోనే కలిపెయ్యి. ఎన్ అంటే అసలు వద్దు. మూడోది ఎం. తయారుచేసి పక్కన ఉంచు, అవసరమైనప్పుడు తెచ్చుకుందాం అని దాని అర్థం. అలా పక్కన ఉంచిన ముక్కని మాడ్యూల్ అంటారు. ప్రింటరు తగిలించినప్పుడు ప్రింటరు మాడ్యూల్ డిస్కు మీంచి మెమరీలోకి వస్తుంది. తగిలించకపోతే రాదు, మెమరీ మిగులుతుంది. ఉబుంటు, ఫెడోరా లాంటి డిస్ట్రిబ్యూషన్లు, అంటే వాడకానికి సిద్ధంచేసి పంచే లినక్స్‌లు, ఎవరి దగ్గర ఏ యంత్రం ఉంటుందో ముందుగా చెప్పలేవు. అందుకే వేలకొద్దీ డ్రైవర్లకి ఎం అని రాసి పంపిస్తాయి.

ఒక్క అక్షరంతో తేలని ప్రశ్నలూ ఉన్నాయి. కెర్నెల్ గడియారం సెకనుకి ఎన్నిసార్లు కొట్టాలన్నది అలాంటిది. ప్రతి కొట్టుకీ కెర్నెల్ కాస్త ఆగి, ప్రాసెసర్ని ఇంకొకరికి ఇవ్వాలా అని చూసుకుంటుంది. మామూలు పీసీల మీద 2.4 కెర్నెల్‌లో ఇది సెకనుకి 100. 2.6లో 1000 చేశారు. తెరమీద కదలిక చురుకైంది గాని, ఊరికే ఉన్న లాప్‌టాప్ కూడా సెకనుకి వెయ్యిసార్లు మేలుకుని బ్యాటరీ తినడం మొదలెట్టింది. 2005లో వచ్చిన 2.6.13 నుంచి దీన్ని ప్రశ్నగా మార్చి, ఏమీ చెప్పకపోతే 250 అన్నారు. తరవాత ఈ వరుసలో 300 కూడా చేరింది. ఇంత బేసి అంకె ఎందుకంటే, పాల్ పద్ధతి టీవీలో సెకనుకి 25 బొమ్మలు, అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో దాదాపు 30. రెండిటితోనూ 300 శేషం లేకుండా భాగమవుతుంది. మన దూరదర్శన్ వాడిందీ పాల్ పద్ధతే. కెర్నెల్ గడియారం ఎంత వేగంగా కొట్టాలో పాతకాలపు టీవీ ప్రమాణాలు చెప్పడం వింతే అయినా, ఈ ఫైలులో ఇలాంటి వింతలు కొల్లలు.

ఇలాంటి ప్రశ్నలు మొత్తం పదిహేను వేలు దాటాయి. ఒక్కో రకం ప్రాసెసరుకి అన్నీ వర్తించవు. లెక్క తేలికగా ఉండటానికి పది వేలు అనుకుందాం, ప్రతిదానికీ అవును, కాదు అనే రెండు జవాబులే అనుకుందాం. కనిపించే విశ్వంలో ఉన్న పరమాణువుల సంఖ్యని ఒకటి పక్కన 80 సున్నాలుగా అంచనా వేస్తారు. ఆ సంఖ్యని దాటడానికి 266 ప్రశ్నలు చాలు. పది వేల ప్రశ్నలతో వచ్చే చీటీల సంఖ్య రాయాలంటే 3,011 అంకెలు పడతాయి. షరతుల వల్ల వీటిలో చెల్లనివి ఎన్నో కొట్టివేతకి పోతాయి నిజమే. మిగిలినవి మాత్రం మనిషి ఊహకి అందేటన్ని కావు. కాబట్టి తయారైన ప్రతి కెర్నెల్‌నీ పరీక్షించి చూశాం అని ఎవరూ అనలేరు.

యంత్రమే రాయడం ఎప్పుడు మొదలైంది

ఇలాంటి ఫైళ్ళని ప్రోగ్రాము చేత రాయించడం లినక్స్ కన్నా పాత అలవాటు. 1975లో బెల్ ల్యాబ్స్ నుంచి వెలువడిన యునిక్స్ ఆరో కూర్పులో ఎంకేకాన్ఫ్ అనే చిన్న ప్రోగ్రాము ఉండేది. పీడీపీ-11 యంత్రం ముందు కూర్చుని మీ దగ్గరున్న పరికరాల పేర్లు ఒక్కొక్కటే టైపు చెయ్యాలి. ఆర్‌కే అంటే ఒక రకం డిస్కు, టీఎం అంటే మాగ్నెటిక్ టేపు. అయిపోయాక డన్ అని కొట్టాలి. అప్పుడది రెండు ఫైళ్ళు రాసి ఇచ్చేది. పరికరం పిలిచినప్పుడు ఎవరు పలకాలో చెప్పే అసెంబ్లీ ఫైలు ఒకటి, ఏ నంబరు పరికరాన్ని ఏ డ్రైవరు చూసుకోవాలో చెప్పే సీ భాషలోని పట్టిక ఇంకొకటి.

మొత్తం కెర్నెల్ పది వేల వరుసల లోపే ఉన్న రోజులవి. ఆ రెండు ఫైళ్ళూ చేత్తో రాసుకోవచ్చు. చిక్కు ఏమిటంటే అవి రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. ఒకదానిలో టేపు చేర్చి రెండోదానిలో మరిచిపోతే కెర్నెల్ ఎప్పుడు ఎక్కడ కూలుతుందో తెలియదు. ఒకే సమాచారాన్ని రెండుచోట్ల రాయవలసి వస్తే ఆ పని మనిషికి ఇవ్వకూడదని వాళ్ళు అప్పుడే గ్రహించారు. 1983 నాటి బర్క్‌లీ యునిక్స్, 4.2బీఎస్‌డీ, ఈ పనికి కాన్ఫిగ్ అనే ప్రోగ్రాముని వాడింది. దాని వారసుడైన ఫ్రీబీఎస్‌డీలో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. జెనెరిక్ అనే ఫైలుని నకలు చేసుకుని, అక్కర్లేని వరుసలు తీసేసి, కాన్ఫిగ్ ప్రోగ్రాముకి అప్పగించడమే.

విచిత్రం ఏమిటంటే లినక్స్ వెనక్కి వెళ్ళి చేత్తో రాసుకోవడం దగ్గర మొదలైంది. 1991 సెప్టెంబరులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన 0.01 కూర్పులో కాన్ఫిగ్ డాట్ హెచ్ అనే చిన్న ఫైలుంది. అందులో మెమరీ ఎంతో రాయాలి. డిస్కు కోసం రెండు ఏర్పాట్లు సిద్ధంగా ఉంటాయి. ఒకటి అచ్చంగా లినస్ పేరు మీదే ఉన్న ఆయన సొంత డిస్కు, ఇంకొకటి మరొకరిది. మీది ఆ రెండూ కాకపోతే కొలతలు మీరే నింపుకోవాలి. వాడేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది ఉన్నప్పుడు అది సరిపోయింది.

వాడేవాళ్ళు పెరిగాక ఒక స్క్రిప్టు వచ్చింది. మేక్ కాన్ఫిగ్ అని కొడితే ప్రశ్నలు ఒకదాని తరవాత ఒకటి అడుగుతూ పోతుంది. జవాబు ఇచ్చాక వెనక్కి వెళ్ళే వీల్లేదు. రెండొందలో ప్రశ్న దగ్గర చెయ్యి జారితే మొత్తం ఆపి మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఈ ఆజ్ఞ ఇప్పటికీ ఉంది. ఎవరు వాడతారో నాకైతే అంతుపట్టదు. తరవాత మెనూలు వచ్చాయి. బాణం మీటలతో తిరుగుతూ కావలసినచోట ఆగి జవాబు చెప్పుకోవచ్చు.

ఆ మెనూల వెనకున్న నియమాల భాష గందరగోళంగా తయారైందని 2000 ప్రాంతంలో ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామరు దాన్ని పూర్తిగా మార్చెయ్యాలని పూనుకున్నారు. పైథాన్ భాషలో సీఎంఎల్2 అనే కొత్త వ్యవస్థ రాశారు. ఆయన వాదనలో తరచూ టిల్లీ ఆంటీ అనే ఊహాపాత్ర వచ్చేది. కంప్యూటర్ల గురించి ఏమీ తెలియని పెద్దావిడ కూడా తన కెర్నెల్ తను తయారుచేసుకోగలగాలి అని ఆయన పట్టు. టిల్లీ ఆంటీకి కెర్నెల్ తయారుచేసుకోవలసిన ఖర్మ ఏమిటి, తయారైంది తెచ్చుకుంటుంది కదా అని మిగతావాళ్ళు. నాకు ఈ రెండో పక్షమే సబబుగా తోస్తుంది, కానీ రేమండ్ ఎత్తిచూపిన గందరగోళం మాత్రం నిజమైనదే. కెర్నెల్ కట్టడానికి పైథాన్ కావాలనడం, పాతదంతా ఒక్కసారిగా తీసేసి కొత్తది పెట్టాలనడం చాలామందికి రుచించలేదు. చివరికి 2002 అక్టోబరులో 2.5.45 కూర్పుతో రోమన్ జిప్పెల్ రాసిన కేకాన్ఫిగ్ లోపలికి వచ్చింది. అది సీ భాషలో ఉంది, పాత నియమాలని కొత్త రూపంలోకి మార్చే పనిముట్టు వెంట తెచ్చింది. నేటికీ నడుస్తున్నది అదే. లినక్స్ బయటికి కూడా పాకింది. బిజీబాక్స్, యూబూట్, రూటర్లలో వాడే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ, అన్నీ తమ చీటీలు దాని చేతనే రాయించుకుంటాయి.

ఒక పెన్‌డ్రైవ్ కోసం

కేకాన్ఫిగ్ ఎలా పనిచేస్తుందో చూడటానికి చిన్న కోరిక ఒకటి కోరుకుందాం. మనం కట్టబోయే కెర్నెల్ పెన్‌డ్రైవ్‌ని గుర్తుపట్టాలి. అంతే.

మూలరాతలో దాదాపు ప్రతి పెద్ద ఫోల్డరులోనూ కేకాన్ఫిగ్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది. ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక్కో ప్రశ్నా ఏమిటి, జవాబు ఏ రకానిది, ఏమీ చెప్పకపోతే ఏమనుకోవాలి, దేనిమీద ఆధారపడుతుంది, ఎందుకు వాడతారు అనేవి అందులో రాసి ఉంటాయి. పెన్‌డ్రైవ్ ప్రశ్న పేరు యూఎస్‌బీ స్టోరేజ్. మెనూ తెరిచి వెతికితే అది కనపడకపోవచ్చు. కారణం, దాని కింద ‘డిపెండ్స్ ఆన్ స్కజీ’ అని ఒక షరతు ఉంది. స్కజీ అనేది 1980లలో పుట్టిన డిస్కుల పద్ధతి. ఆ లావుపాటి కేబుళ్ళు ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ ఉండవు. పెన్‌డ్రైవ్ మాత్రం లోపల ఆ భాషలోనే మాట్లాడుతుంది, కాబట్టి లినక్స్ దాన్ని స్కజీ డిస్కు లాగానే చూస్తుంది. ఇది తెలియనివాళ్ళు ‘మన దగ్గర స్కజీ ఏముంది’ అని దానికి ఎన్ కొడతారు. దాంతో పెన్‌డ్రైవ్ ప్రశ్న మెనూలోంచే మాయమవుతుంది.

షరతు తీరని ప్రశ్నని కేకాన్ఫిగ్ అసలు అడగదు. జవాబు ఎన్ అని తనే అనుకుంటుంది. జవాబులకి ఒక వరస కూడా పెట్టింది: అన్నిటికన్నా కింద ఎన్, నడుమ ఎం, పైన వై. ఆధారం ఏ మెట్టు మీద ఉంటే దాని మీద ఆధారపడ్డది ఆ మెట్టు దాటకూడదు. స్కజీకి ఎం అంటే పెన్‌డ్రైవ్ డ్రైవరుకి వై అనడం కుదరదు. ఎప్పుడూ మెమరీలో ఉండే కోడు, ఇంకా డిస్కు మీదే ఉండిపోయిన కోడుని పిలిస్తే పలికేవాళ్ళు ఉండరు మరి.

సరే, స్కజీ పెట్టాం, యూఎస్‌బీ స్టోరేజ్ పెట్టాం. పెన్‌డ్రైవ్ తగిలిస్తే కెర్నెల్ ఏదో వచ్చిందని గమనిస్తుంది గాని డిస్కు కనపడదు. స్కజీ డిస్కు అనే ఇంకో ప్రశ్న విడిగా ఉంది, అది షరతు కాదు. యూఎస్‌బీ స్టోరేజ్ సహాయపు మాటల్లో దీని సంగతి చూసుకోండి అని ఒక సలహా ఉంది. సహాయం ఎవరు చదువుతారు? అదీ పెట్టాక డిస్కు వచ్చింది, అందులో ఫైళ్ళు రాలేదు. పెన్‌డ్రైవులు ఎక్కువగా ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, దానికి వీఫ్యాట్ కావాలి. వీఫ్యాట్ పెట్టగానే ఫ్యాట్ మూలకోడు, దానితో పాటు అక్షరాల పట్టికల వ్యవస్థ అడగకుండానే వచ్చి చేరతాయి. ఇలా వెంటబెట్టుకుని వచ్చే నియమాన్ని సెలెక్ట్ అంటారు. అయితే వచ్చేది పట్టికల వ్యవస్థే, పట్టికలు కాదు. ఫ్యాట్ మామూలుగా వెతికే కోడ్‌పేజ్ 437 అనే పట్టికకి మళ్ళీ వేరే ప్రశ్న. అది లేకపోతే కోడ్‌పేజ్ దొరకలేదన్న సందేశంతో పని ఆగిపోతుంది.

అన్నీ కుదిరి ఫైళ్ళు కనిపించాయి అనుకుందాం. ‘అమ్మాయి పెళ్ళి ఫోటోలు’ అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డరు ఉంటే అక్షరాలకి బదులు ప్రశ్నార్థకాలు వరసకట్టి కనపడవచ్చు. ఫ్యాట్ తన పొడవాటి పేర్లని యూనికోడ్‌లోనే దాచుకుంటుంది. పేరు చెక్కుచెదరలేదు. దాన్ని బయటికి చూపేటప్పుడు వాడే అక్షరమాల కెర్నెల్ చీటీలో ఏమీ చెప్పకపోతే ఐఎస్‌ఓ 8859-1. అది పశ్చిమ ఐరోపా భాషల కోసం పెట్టినది, అందులో తెలుగుకి చోటు లేదు. ఫ్యాట్‌కి అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 వాడు అని చెప్పే ప్రశ్న విడిగా ఉంది. దానికి ముందే రాసిపెట్టిన జవాబు ఎన్. మామూలు డెస్క్‌టాప్ లినక్స్‌లు పెన్‌డ్రైవ్ తెరిచే సమయంలో యూటీఎఫ్-8 అని తామే చెప్పుకుంటాయి కాబట్టి మనకీ బాధ తెలియదు. చిన్న పరికరాల కోసం సొంతంగా కెర్నెల్ కట్టుకునేవాళ్ళకి తెలుస్తుంది.

చూశారు కదా, కోరిక ఒకటి, ప్రశ్నలు అరడజను. వాటిలో కొన్ని షరతులు, కొన్ని వెంట వచ్చేవి, కొన్ని ఎవరూ చెప్పకపోతే తెలియనివి. ఇంత తెలివైన పనిముట్టు ‘పెన్‌డ్రైవ్ కావాలి’ అంటే వెనక్కి లెక్క కట్టి ఇవన్నీ తనే పెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. ఒకదానికొకటి ముడిపడిన అవును-కాదు ప్రశ్నలు వేలల్లో ఉన్నప్పుడు అన్ని షరతులూ తీరే జవాబులు వెతకడం గణితంలో పేరుమోసిన చిక్కు. 1971లో స్టీఫెన్ కుక్ దీని లోతు ఎంతో చూపించాడు. ఏ సందర్భంలోనైనా దీన్ని త్వరగా విప్పే మార్గం దొరికితే, మొండివని పేరుపడ్డ ఎన్నో సమస్యలు దానితోపాటే విడిపోతాయి. అలాంటి మార్గం నేటికీ దొరకలేదు. ఆచరణలో ఈ చిక్కుని బాగానే విప్పే ప్రోగ్రాములు ఉన్నాయి, వాటిని కేకాన్ఫిగ్‌కి జోడించే ప్రయత్నాలూ జరిగాయి. కేకాన్ఫిగ్ మాత్రం వెతకదు. పై నుంచి కిందికి లెక్క కట్టుకుంటూ పోతుంది, కుదరనిది దాచేస్తుంది.

సెలెక్ట్‌లో ఒక ప్రమాదం ఉంది. అది బలవంతం. ఎంచుకున్న దానికి ఉన్న సొంత షరతులు తీరాయో లేదో చూడకుండా లాక్కొస్తుంది. అందుకే సొంత షరతులు లేని, మెనూలో కనపడని సహాయక భాగాలకే దాన్ని వాడమని కెర్నెల్‌తో వచ్చే పత్రాలు హెచ్చరిస్తాయి. డ్రైవర్లు రాసేవాళ్ళకి అది గుర్తుండదు. వాళ్ళకి కావలసింది తమ డ్రైవరు మెనూలో కనపడటం.

వద్దనడం, అడగకపోవడం

మెనూలో జవాబులన్నీ అయ్యాక డాట్ కాన్ఫిగ్ పుడుతుంది. నెత్తిన ఒక హెచ్చరిక ఉంటుంది: ఇది యంత్రం రాసినది, చేత్తో మార్చవద్దు. అందరూ మారుస్తారు. మార్చితే కొంప మునగదు గాని, షరతు తీరని దానికి చేత్తో వై అని రాస్తే తరవాత కెర్నెల్ కట్టే మేక్ ప్రోగ్రాముని నడిపినప్పుడు కేకాన్ఫిగ్ ఆ వరుసని చడీచప్పుడు లేకుండా వెనక్కి తిప్పేస్తుంది. నేను పెట్టాను కదా, ఏమైంది అని తల పట్టుకునేవాళ్ళలో సగం మంది కథ ఇదే. ఆ తరవాత ఈ ఫైలు నుంచే సీ కోడుకి అర్థమయ్యే రూపం ఒకటి, మేక్‌కి అర్థమయ్యే రూపం ఒకటి తయారవుతాయి. ఎంకేకాన్ఫ్ నాటి సూత్రమే, ఒకచోట చెప్పి రెండుచోట్ల రాయించడం.

ఈ ఫైలులో నాకు నచ్చిన వివరం ఒకటుంది. వద్దన్న వాటి వరుస మొదట హ్యాష్ గుర్తు ఉంటుంది. కంప్యూటరు ఫైళ్ళలో ఆ గుర్తుతో మొదలైన వరుసని మామూలుగా ఎవరూ పట్టించుకోరు, అది మనుషుల కోసం రాసుకున్న వ్యాఖ్య. ఇక్కడ అలా కాదు. హ్యాష్ పెట్టి ‘ఈజ్ నాట్ సెట్’ అని ఉంటే ఈ ప్రశ్న అడిగారు, వద్దన్నారు అని లెక్క. వరుసే లేకపోతే ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు అని లెక్క. ఎవరూ చదవని వరుసలు కదా అని వీటిని శుభ్రం చేసినవాళ్ళని కేకాన్ఫిగ్ ఆ ప్రశ్నలన్నీ మళ్ళీ అడుగుతుంది.

కొత్త కూర్పుకి మారేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది. రెండు మూడు నెలలకొకసారి కొత్త లినక్స్ వస్తుంది, ప్రతిసారీ కొత్త ప్రశ్నలు తెస్తుంది. పాత ఫైలు తెచ్చిపెట్టుకుని మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్ అంటే ఇంతకుముందు అడగనివి మాత్రమే అడుగుతుంది. మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ అంటే అవి కూడా అడగకుండా, ఆ డ్రైవరు రాసినవాళ్ళు సూచించిన జవాబు రాసేస్తుంది. ఎక్కువమంది రెండోదే కొడతారు.

ఇక్కడ అలవాటు వాటా పైకి తేలుతుంది. ప్రతి డ్రైవరు రచయితకీ తన పని ముఖ్యమైనదే, ముందే వై అని పెట్టేస్తే బాగుండునని ఉంటుంది. దీనిమీద టోర్వాల్డ్స్ చాలాసార్లు మండిపడ్డారు. కొత్తదానికి మొదటి జవాబు ఎన్‌గానే ఉండాలని ఆయన పట్టు. సహాయపు మాటల చివర తరచూ కనిపించే సలహా కూడా అదే: తెలియకపోతే ఎన్ అనండి. ‘ప్రయోగదశ’ అనే ముద్ర వేసి, కుదురుకోని వాటిని దాని వెనక దాచే పద్ధతి కూడా కొన్నాళ్ళు నడిచింది. కావలసినవి ఎన్నో ఆ ముద్ర వెనకే ఉండిపోవడంతో అందరూ దానికి వై అనడం మొదలెట్టారు. ఇక ముద్రకి అర్థం లేదని 2012-13లో తీసేశారు.

ఖాళీ కాగితంతో ఎవరూ మొదలుపెట్టరు

పదిహేను వేల ప్రశ్నలకి కూర్చుని జవాబు చెప్పేవాళ్ళు ఎక్కడా లేరు. అందరూ ఎవరో రాసిన చీటీ తెచ్చుకుని దిద్దుకుంటారు. డెబియన్, ఉబుంటు వాడేవాళ్ళకి బూట్ ఫోల్డరులో తమ కెర్నెల్ కూర్పు పేరుతో ఒక కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది, తెరిచి చదువుకోవచ్చు. రాస్ప్‌బెరీ పై బోర్డులతో ప్రయోగాలు చేసే ఇంజనీరింగ్ విద్యార్థులు ముందుగా కొట్టే ఆజ్ఞ పై 4 అయితే బీసీఎం2711 డెఫ్‌కాన్ఫిగ్, పై 5 అయితే బీసీఎం2712 డెఫ్‌కాన్ఫిగ్. ఆ బోర్డుకి తగిన చీటీ తయారీదారులు ముందే రాసి ఉంచారు.

ఈ తయారు చీటీలు ఒక దశలో పెను భారమయ్యాయి. ఫోన్లలో వాడే ఆర్మ్ ప్రాసెసర్ల కోసం ఒక్కో బోర్డుకి ఒక్కో పూర్తి ఫైలు మూలరాతలోకి వచ్చి పడేది. ఒక్కొక్కటి వెయ్యి వరుసల పైనే, అన్నిటిలోనూ చాలా భాగం ఒకటే. 2010లో టోర్వాల్డ్స్ విసిగిపోయి వీటిని మొత్తం తీసిపారేస్తానన్నారు. పరిష్కారం తేలికైనదే: మామూలు జవాబుకి భిన్నంగా ఉన్నవి మాత్రం రాస్తే చాలు, మిగతావి యంత్రం లెక్క కట్టుకుంటుంది. అలా కుదించేసరికి లక్షకి పైగా వరుసలు ఎగిరిపోయాయి. ఆ కుదింపు చేసిపెట్టే మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ అనే ఆజ్ఞ ఆ ఏడాదే చేరింది. చిన్నదైన చీటీ చదివితే దాన్ని రాసినవాళ్ళు నిజంగా ఏం కోరుకున్నారో కనిపిస్తుంది. మిగతా అంతా కోరని జవాబులే.

ఇంకో దారి స్టీవెన్ రాస్టెట్ 2009లో చేర్చిన లోకల్‌మాడ్‌కాన్ఫిగ్. ప్రస్తుతం యంత్రంలో ఏయే మాడ్యూళ్ళు మెమరీలో ఉన్నాయో చూసి, మిగతావాటికి ఎన్ రాసేస్తుంది. గంటలు పట్టే కంపైలింగ్ నిమిషాల్లో అవుతుంది. షరతు ఒకటే, వాడబోయేవన్నీ ఆ నిమిషంలో తగిలించి ఉండాలి. ప్రింటరు పక్క గదిలో ఉంటే కొత్త కెర్నెల్‌కి ప్రింటరంటే ఏమిటో తెలియదు.

సొంతంగా దిద్దేవాళ్ళు పడే గోతుల్లో అన్నిటికన్నా పాతది ఒకటుంది. డిస్కు డ్రైవరుకి ఎం అంటారు. మాడ్యూల్ డిస్కు మీద ఉంటుంది. డిస్కు చదవాలంటే మాడ్యూల్ కావాలి. యంత్రం ఆన్ చేస్తే రూట్ ఫైల్ సిస్టమ్‌ని మౌంట్ చెయ్యలేకపోయాను అనే వరుస తెరమీద రాసి కెర్నెల్ చేతులెత్తేస్తుంది. దీనికి విరుగుడుగా డిస్ట్రిబ్యూషన్లు కావలసిన మాడ్యూళ్ళని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటలో కట్టి కెర్నెల్‌తో పాటే మెమరీలోకి ఎక్కిస్తాయి. మూట కట్టుకోనివాళ్ళు ఆ డ్రైవరుకి వై అనక తప్పదు.

ఫోన్ల విషయంలో గూగుల్ ఈ మధ్య కొత్త ఏర్పాటు చేసింది. ఇదివరకు ప్రతి ఫోను కంపెనీ తన చీటీ తనే రాసుకునేది, తన మార్పులు తనే చేసుకునేది. భద్రతా సవరణ వస్తే అది అందరికీ చేరడానికి నెలలు పట్టేది. ఆండ్రాయిడ్ 12తో 5.10 కెర్నెల్ నుంచి మూల కెర్నెల్‌కి ఒకే చీటీ. కంపెనీలు తమ చిప్పులకి సంబంధించినవన్నీ మాడ్యూళ్ళుగా బయట పెట్టుకోవాలి. తయారీదారుల స్వేచ్ఛ అంతా వై నుంచి ఎంకి దిగిందన్నమాట.

పాచికలు వేసి రాసిన చీటీలు

వాడటానికి కాకుండా పరీక్షించడానికే రాయించే చీటీలు కొన్ని ఉన్నాయి. ఆల్‌నోకాన్ఫిగ్ అన్నిటికీ కాదంటుంది. ఆల్‌యెస్‌కాన్ఫిగ్ అన్నిటికీ అవునంటుంది. ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ వీలైన ప్రతిదాన్నీ మాడ్యూల్ చేస్తుంది. టోర్వాల్డ్స్ ఇతరుల మార్పులని తీసుకున్నాక తన యంత్రం మీద కట్టి చూసేది ఈ మూడోదాన్నే. నాలుగోది రాండ్‌కాన్ఫిగ్. షరతులకి లోబడి, ఏ జవాబు ఇవ్వాలో అదృష్టానికి వదిలేస్తుంది. బుద్ధి ఉన్నవాళ్ళెవరూ అడగని కలయికలు అందులోంచే వస్తాయి, అవే కావాలి కూడా. ఇంటెల్ నడిపే పరీక్షా రోబో ఇలాంటి చీటీలతో రాత్రింబవళ్ళు కెర్నెళ్ళు కడుతూ, ఏది విరిగితే దాని రచయితకి ఉత్తరం పంపుతుంది.

ఫ్రాన్స్‌లో రెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 4.13 కెర్నెల్‌ని తీసుకుని ఇలా అదాటున పుట్టిన చీటీలతో 95 వేలకి పైగా కెర్నెళ్ళు కట్టించారు. తయారైనవాటిలో ఏడు మెగాబైట్ల మరుగుజ్జుల నుంచి ఒకటిన్నర గిగాబైట్లు దాటిన భారీకాయాల దాకా ఉన్నాయి. వేల ప్రశ్నల్లో పరిమాణాన్ని నిజంగా మార్చేవి కొన్ని వందలే అని తేలింది. అన్నిటికన్నా లావెక్కించే వాటిలో డీబగ్గింగ్ సమాచారం ఒకటి, అంటే తప్పులు వెతికేవాళ్ళ కోసం ఉంచే గుర్తులు. వందకి అయిదారు చీటీలు కట్టడం పూర్తికాకుండానే విరిగిపోయాయి. కేకాన్ఫిగ్ షరతులన్నీ సరిగ్గా తీరాయి, అయినా విరిగాయి. ఏదో డ్రైవరు రచయిత తనకి కావలసినదాన్ని షరతుగా రాయడం మరిచిపోయి ఉంటాడు. అతని యంత్రంలో అది ఎప్పుడూ ఉండేదే, లేకపోవచ్చన్న ఆలోచనే రాలేదు.

తరచూ దొరికిపోయేది పరికరాల రిజిస్టర్లని మెమరీ చిరునామాల ద్వారా అందుకునే ఏర్పాటు. మామూలు పీసీల్లో, ఫోన్లలో అది లేకపోవడమన్న ప్రసక్తే లేదు. కానీ కెర్నెల్‌ని మామూలు ప్రోగ్రాములా నడిపించే యూజర్ మోడ్ లినక్స్ అనే రకం ఒకటుంది, అక్కడ నిజమైన పరికరాలే ఉండవు. రాండ్‌కాన్ఫిగ్ దానికి ఆ డ్రైవరుని అంటగట్టిన రోజున కంపైలరు ఆగిపోతుంది, రోబో ఉత్తరం వస్తుంది. రచయిత పంపే దిద్దుబాటులో సీ కోడు ఒక్క ముక్క కూడా ఉండదు. కేకాన్ఫిగ్ ఫైలులో ఒక్క వరుస చేరుతుంది: డిపెండ్స్ ఆన్ హ్యాజ్ ఐఓమెమ్.